నిర్వాసితుని వంశవృక్షము: అకాడియా సాక్ష్యము

వంశచరిత్రను వ్రాయువారు సామాన్యముగా మూలపురుషునితో నారంభించి క్రిందికి దిగుదురు. మన కావ్యములలోని కృతిపతి వంశవర్ణనములు ఈ మార్గముననే నడచినవి. తరతరములుగా ఒకచోట నిలిచిన వంశములకు ఈ పద్ధతి చెల్లును. బలవంతముగా పెల్లగింపబడి, ఓడలలోనికి ఎక్కింపబడి, మూడు నాలుగు దేశములు త్రిప్పబడినవారి విషయమున ఇది చెల్లదు. అట్టివారి చరిత్రను త్రాడు తెగినచోట పట్టుకొని వెనుకకు తడవికొనుచు పోవలెను. ఆ పోవుటలో ఏ సాక్ష్యమును ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న అడుగడుగునను ఎదురగును. అకాడియా నిర్వాసితుల చరిత్రలో ఈ ప్రశ్నకు విశదమైన సమాధానమొకటి దొరకుచున్నది. భారతీయ భాషాపండితులు దానిని పరిశీలింపదగును. ఏలన, అందలి చిక్కులలో సగము పేర్ల చిక్కులు, అనగా భాషకు సంబంధించినవి.

అకాడియా యనునది ఉత్తర అమెరికా తూర్పుతీరమున, నేటి కెనడాలోని నోవాస్కోషియా, న్యూబ్రన్స్విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీప ప్రాంతములకు ఫ్రెంచివారు పెట్టుకొన్న పేరు. 1605లో అచట పోర్ట్ రాయల్ వెలసెను. 1632 తరువాత కుటుంబములతో వచ్చిన రైతులు ఫండీ అఖాతపు పోటునీటికి కట్టలు వేసి, ఉప్పుబురదలను సేద్యభూములుగా మార్చిరి. 1713 నాటి యుట్రెక్ట్ సంధివలన ప్రధానభూభాగము ఇంగ్లీషువారి వశమయ్యెను. ప్రజలు ఫ్రెంచి మాటలాడు కాథొలికులు. పాలించు రాజు ప్రొటెస్టంటు. ఇరురాజ్యములకును యుద్ధము వచ్చినప్పుడు ఏ పక్షమునను ఆయుధము పట్టమని వారు పట్టుపట్టిరి. 1755 జూలై 28న హాలిఫాక్సులో చార్లెస్ లారెన్సును ఆయన ఆలోచనసభవారును వీరినందరిని వెడలగొట్టుటకు నిర్ణయించిరి. ఆ యేటనే ఆరువేలకు పైబడినవారు మాసచూసెట్సు మొదలు జార్జియా వరకుగల ఇంగ్లీషు వలసరాజ్యములకు పంపబడిరి. 1763 వరకు ఈ పని ఆగలేదు. రాజకీయకారణములను గూర్చి చరిత్రకారులు కావలసినంత వ్రాసియున్నారు గనుక ఇచట విస్తరింపనక్కరలేదు.

ఒక మనిషిని తీసికొందము. జోసెఫ్ బ్రూసార్ అనునాతడు 1765 అక్టోబరు 20న లుయీసియానాలోని అటకపాస్ ప్రాంతమున మరణించెను. ఆ యేటి చర్చి రిజిస్టరులోని మరణములు చదువుచుండగా ఒక విశేషము కనబడును: నిర్వాసితులు దిగిన తావులలో ఒకదానికి బోసొలేయ్ మకామని పేరు. బోసొలేయ్ యనగా మంచి యెండ. అది జోసెఫునకు లోకులు పెట్టిన మారుపేరు. వచ్చి ఏడాది తిరుగకమునుపే మనిషి పేరు నేలకు అంటుకొన్నది. అక్కడినుండి వెనుకకు పోవలెను. అదే యేడు ఏప్రిలులో ఆయన అటకపాస్ అకాడియావారికి కాప్టనుగా, కమాండరుగా నియమింపబడెను. ఫిబ్రవరిలో సుమారు రెండువందలమందితో న్యూ ఆర్లియన్సు చేరెను. దానికి ముందు, 1764 చివర హాలిఫాక్సునుండి బయలుదేరి సాన్ దొమేంగ్ ద్వీపము మీదుగా వచ్చెను. దానికి ముందు ఫోర్ట్ ఎడ్వర్డులోను, హాలిఫాక్సు రేవునందలి జార్జెస్ ద్వీపములోను ఖైదు. అంతకు మునుపు పెటికోడియాక్ నదీతీరమున ఇంగ్లీషు సేనలతో పోరాటము. ఇంగ్లీషువారి పత్రములలో ఆయన తిరుగుబాటుదారు. ఫ్రెంచివారి పత్రములలో సేనాని.

ఇంకను వెనుకకు పోయినచో 1725 సెప్టెంబరు 11న అన్నాపొలిస్ రాయల్ అని పేరు మారిన పాత పోర్ట్ రాయలులో వివాహము. వధువు ఆన్యెస్ తిబోదో. ఆయన అన్న అలెగ్జాండరు గూడ అంతకు ముందటి సంవత్సరమున తిబోదోవారి పిల్లనే పెండ్లాడియుండెను. ఈ యింటివారిలో పియేర్ తిబోదో యనునాతడు 1698లో కుమారులతో పోయి షెపొదీ యనుచోట కొత్త ఊరికి ప్రయత్నించెను. బ్రూసార్ సోదరులు పోర్ట్ రాయలును విడిచి అంతదూరమందలి పెటికోడియాక్ లోయలో ఏల నిలిచిరని అడుగువారికి సగము సమాధానము ఇక్కడ నున్నది. అత్తవారిది ఆ దిక్కు. తండ్రి వరుసను మాత్రమే పట్టుకొని పోవువానికి ఈ సంగతి కనబడదు.

తండ్రి వరుస నిజమునకు త్వరలోనే ఆగిపోవును. జోసెఫు తండ్రి ఫ్రాన్స్వా 1686 జనాభా లెక్కలో భార్య కతరీన్ రిషార్ సహితముగా పోర్ట్ రాయలున నున్నాడు. 1671 లెక్కలో కుటుంబపు యజమానిగా ఆయన లేడు. కాని తల్లి కతరీన్ ఆ 1671 లెక్కలోనే తన తండ్రి మిషెల్ రిషార్ ఇంట, తల్లి మద్లేన్ బ్లాంషార్ చెంత, బాలికగా కనబడుచున్నది. ఈ మిషెలునకును ఒక మారుపేరున్నది: సాన్‌సూసీ, చింతలేనివాడు. అనగా బ్రూసార్ వంశమునకు అకాడియాలోని లోతైన వేరు బ్రూసార్ అను పేరుతో లేదు. ఆడపడుచు పుట్టినింటి పేరుతో నున్నది.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. 1671 లెక్కను వ్రాసినవాడు లొరాన్ మొలాన్ అను పాదిరి. ఆయన ప్రతి యిల్లాలిని పుట్టినింటి పేరుతో వ్రాసెను. (అందరును సంతోషముగా చెప్పలేదు. పియేర్ మెలాన్సాన్ అను దర్జీ తన వయస్సును, పశువుల లెక్కను చెప్పననెను. ఆయన భార్య, ఇట్టి సంగతులకై వీధులవెంట తిరుగుటకు నీకు పిచ్చియా యని పాదిరినే అడిగెను. ఆయన ఆ మాటను గూడ పట్టికలో నెక్కించెను. నేటి జనాభా గుమాస్తాలకు ఇంత ఓపిక యుండదు.) 1755 సెప్టెంబరు 5న గ్రాన్‌ప్రే చర్చిలో 418మంది పురుషులను, బాలురను నిలిపి నిర్వాసనాజ్ఞను చదివించిన జాన్ విన్స్లో గూడ పట్టిక వ్రాసెను. అందు పురుషుల పేర్లున్నవి. స్త్రీలు, కుమారులు, కుమార్తెలు అంకెలు. ఆ ప్రక్క గడులలో ఎడ్లు, ఆవులు, గొఱ్ఱెలు, పందులు. పురుషుల పేర్లయినను ఇంగ్లీషు చెవికి వినబడినట్లు వ్రాయబడినవి. వెడలగొట్టువాని పట్టికనుండి వెడలగొట్టబడినవాని వంశమును నిర్మింపబూనువాడు తల్లులు లేని వంశమును నిర్మించును. ఆ పట్టిక పనికిరాదని కాదు. ఏ యేటను, ఏ యూరను, ఎవడుండెనో తెలుపుటలో దానికి సాటి లేదు. దానిని ఆ పనికే వాడవలెను.

నిర్వాసితులు ఈ సంగతిని పండితులకంటె ముందే యెరిగినట్లున్నది. గ్రాన్‌ప్రేలోని సాన్ షార్ల్ చర్చి రిజిస్టరులను, 1707 మొదలు 1748 వరకు గలవానిని, వారు వెంటగొనిపోయిరి. అవి నేడు లుయీసియానాలో బాటన్ రూజ్ మతమండలపు భాండాగారమున నున్నవి. పంట, పశువు, ఇల్లు, నేల అన్నియు పోవుచున్న సమయమున ఓడలోనికి ఎక్కించుకొనదగిన వస్తువుగా పెండ్లిళ్ల పుస్తకము వారికి తోచినది. ఇది భావుకతచేత జరిగిన పని యనుకొనరాదు. ఆ కాలపు కాథొలిక మతమున నాలుగవ అంతరము వరకు, అనగా ముత్తాతకు తండ్రి యొక్కడే యైనవారి వరకు, వివాహము నిషిద్ధమై యుండెను. తప్పనిసరియైనచో మతాధికారి మినహాయింపు పొందవలసియుండెను. మినహాయింపును, బంధుత్వపు అంతరమును రిజిస్టరులో వ్రాయవలసియుండెను. కొద్ది కుటుంబములు తమలో తామే వియ్యమందుచు పెరిగిన దేశమున ఈ లెక్క తెలియనిచో పెండ్లియే కాదు. 1999లో ప్రకటింపబడిన స్టీఫెన్ వైటు గారి అకాడియా కుటుంబ నిఘంటువున, పోయిన రిజిస్టరుల కాలపు సంబంధములు అనేకము ఈ మినహాయింపుల బలముతోనే తిరిగి కట్టబడినవి.

ఈ దృష్టితో బెలీల్ వాఙ్మూలములను చదువవలెను. వర్జీనియాకు పంపబడిన అకాడియావారిని ఆ వలసరాజ్యము అట్టిపెట్టుకొనలేదు. 1756లో వెయ్యిమందికి పైగా ఇంగ్లండునకు త్రోసివేసెను. లివర్పూలు, బ్రిస్టలు, సౌథాంప్టను, ఫాల్మతు రేవులలో ఏడేండ్లు నిర్బంధమున నుండి, మశూచికమునకు అనేకులను కోల్పోయి, శాంతి కుదిరిన 1763లో మిగిలినవారు ఫ్రాన్సు చేరిరి. 1765లో 78 కుటుంబములకు బ్రెటనీ తీరమందలి బెలీల్ ద్వీపమున భూములు దొరకినవి. జననమరణ పుస్తకములు చేతలేని ఈ ప్రజలకు ఆధారమును కల్పించుటకై 1767లో న్యాయస్థానపు టుత్తరువు మేరకు ద్వీపమందలి పాదిరుల సమక్షమున కుటుంబపెద్దలందరును ప్రమాణముచేసి తమ వంశక్రమమును చెప్పిరి. ఎవరికి ఎప్పుడు ఎచట పుట్టిరి, ఎవరిని పెండ్లాడిరి, ఆ పిల్ల తలిదండ్రులెవరు, తాతలెవరు, సోదరులలో ఎవడు బోస్టనుకు పోయెను, ఎవడు మేరీలాండుకు పోయెను: అంతయు చెప్పిరి. సాటివారు సాక్షులుగా నిలిచిరి. చదువురానివారు, వయస్సు మీరినవారు, నోటి మాటతో నూరేండ్ల చరిత్రను పాదిరి కలమునకు అందించిరి.

ఈ వాఙ్మూలములను గూర్చి రెండు వైఖరులున్నవి. కొందరు వీనిని వేదవాక్యముగా గొనిరి. మఱికొందరు, అందు తప్పులు పట్టుబడినపిమ్మట, వృద్ధుల మాటలని త్రోసిపుచ్చిరి. రెండును సరికావు. తప్పులు ఎక్కడనున్నవో చూచినచో దారి దొరకును. వాఙ్మూలములలో ఒక వాక్యము తిరిగి తిరిగి వచ్చుచుండును: మూలపురుషుడు ఫ్రాన్సునుండి భార్యతో వచ్చెనని. కొన్నిచోట్ల ఇతరపత్రములు దీనిని సమర్థింపవు. వివాహము అకాడియాలోనే జరిగినట్లు తోచును. కాని ఆ మూలదంపతుల పేర్లు మాత్రము, వారి సంతతిలో ఎవరు ఎవరికి ఏమగుదురను వరుసలు మాత్రము, పెక్కుసారులు పత్రములతో సరిపోవును. ఒకే నోటినుండి వచ్చిన మాటలలో ఒక భాగము గట్టిదియు మరియొక భాగము బోలుదియు నగుట యెట్లు?

సమాధానము వివాహనిషేధమున నున్నది. 1767లో ఏబదియేండ్ల మనిషికి నాలుగు తరములు వెనుకకు పోయినచో 1630, 1640 ప్రాంతపు మొదటి వలసకాండ్రు తగులుదురు. అంతవరకు ఎవరు ఎవరికి ఏమగుదురో ప్రతి పెండ్లిచూపులలోను అడుగబడుచుండెను. పెద్దలు చెప్పవలసియుండెను, తప్పు చెప్పినచో ప్రక్కయింటివాడు దిద్దెడివాడు. ఏ గ్రామమునుండి వచ్చిరి, భార్యతో వచ్చిరా ఒంటరిగా వచ్చిరా అను ప్రశ్న ఏ పెండ్లికిని అడ్డురాదు గనుక దానినెవరును అడుగలేదు, దిద్దలేదు. పాదిరి అడిగినప్పుడు గౌరవముగా నుండు మాట నొకదానిని చెప్పిరి. స్మృతి యంతయు ఒక్కటే గట్టిదనముతో నుండదు. నిత్యవ్యవహారము కావలి కాచిన భాగము నిలుచును. తక్కినది మెల్లగా కథ యగును. నోటిమాటను సాక్ష్యముగా గ్రహించు పండితుడు మొట్టమొదట అడుగవలసినది దీనికి కావలి ఏది యని.

కావలి లేనిచోట కథ యెట్లు పెరుగునో చూపుటకు లుయీసియానాయే చాలును. 1847లో అమెరికా కవి లాంగ్‌ఫెల్లో తన కావ్యమున ఇవాంజెలిన్ అను కల్పితకన్యను సృజించెను. 1907లో ఫెలీక్స్ వూర్హీస్ అనునాయన ఆమె అసలు పేరు ఎమ్మలిన్ లబిష్ అనియు, నిజకథ యిదియనియు ఒక చిన్నపుస్తకమును ప్రకటించెను. సెయింట్ మార్టిన్‌విల్లులో ఆమెకు సమాధియు, 1931లో విగ్రహమును వెలసినవి. అకాడియా పట్టికలలో లబిష్ అను కుటుంబమే లేదు. అయినను యాత్రికులు ఆ సమాధిని చూచుచునే యున్నారు. కావ్యము మంచిదే కావచ్చును. వంశచరిత్రలో దానికి తావు లేదు. ఇట్టిదే మరియొకటి: అకాడియాలో ఎడ్మే, కతరీన్ అను ల్జూన్ సోదరీమణులు మిక్మాక్ జాతివారని పలువురు వారసులు చాలకాలము గర్వముగా చెప్పుకొనిరి. వీరి మాతృపరంపరలో జరిగిన జన్యుపరీక్షలలో తేలిన శాఖ ఉత్తరాఫ్రికా, దక్షిణయూరపులకు చెందినది. అమెరికా ఆదివాసులది కాదు.

ఇక పేర్లు. బ్రొసార్, బ్రూసార్, బోసొలేయ్ అను మూడును ఒకే యింటివి. కొన్ని పేర్లు అనువాదమునకు లోనైనవి: ఇంగ్లీషు మాటలాడు ప్రాంతములలో ల్బ్లాన్లు వైటులైరి, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున ఒకువాన్లు కొందరు వెడ్జిలైరి, చెక్కను చీల్చు మేకు అను అర్థము పేరున లేకపోయినను చెవికి అట్లు వినబడుటచేత. లుయీసియానాలో తిబోదో, బుద్రో, ఆర్సెనో వంటి పేర్ల చివర వ్రాతలో ఎక్సు అను అక్షరము చేరినది. నిరక్షరులైన పూర్వులు సంతకమునకు బదులు పెట్టిన ఇంటు గుర్తే పేరులో కలిసినదని జనులు చెప్పుదురు. వినసొంపైన వ్యుత్పత్తి, కాని నిలువదు. నిరక్షరులందరును ఆ గుర్తునే పెట్టిరి గదా! బ్రూసార్, లాండ్రీ, ఎబేర్ పేర్ల చివర అది ఏల చేరలేదు? ఓకారాంతమైన పేర్లకు మాత్రమే చేరినది గనుక ఇది వ్రాతగాండ్ర వర్ణక్రమపు అలవాటు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున, 1820 జనాభా లెక్క నాటికి స్థిరపడినదని పరిశోధకుల తలంపు. వంశశోధకులు తికమకపడు ఇట్టిచోట్ల ధ్వనిశాస్త్రము, లిపిశాస్త్రము తెలిసినవాడు అరగంటలో దారి చూపగలడు. భాషాశాఖలు వంశచరిత్రను అభిరుచిగల ఉద్యోగవిరమితులకు వదలివేయుట అన్యాయము.

భారతదేశమున ఈ విషయమునకు నేరుగా తగులు పని యొకటి మిగిలియున్నది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినది మొదలు 1911 వరకు నాతాలునకు ఒప్పందకూలీలుగా పోయినవారిలో తెలుగువారు అనేకులు. వీరిని ఎవరును తుపాకితో వెడలగొట్టలేదు. అకాడియావారి దురదృష్టముతో వీరి వలసను సమానము చేయరాదు. కాని పత్రముల స్థితి మాత్రము పోలియున్నది. ఓడపట్టికలలో వరుససంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు ఉన్నవి. ఇంటిపేరునకు గడి లేదు. నాయుడు అను గౌరవపదము నాయిడూ యని ఇంగ్లీషు వ్రాతలో బిగిసి, వేరువేరు ఇండ్లవారికి ఒకే వంశనామమైనది. అకాడియాలో కుటుంబములవారు ఎవరో నిలిచి ఎక్కడివారో పోయినది. ఇచట సర్కారు కాగితమున ఎక్కడివారో నిలిచి ఏ యింటివారో పోయినది.

పోయినది తెలుగిండ్లలోనే వెదకవలెను. మనవారు మేనరికమును కోరుదురు, కాథొలికులు దానిని నిషేధింతురు. అయినను ఇరువురికిని వరుసల లెక్క తప్పదు. ఒకే యింటిపేరువారు, ఒకే గోత్రమువారు అన్నదమ్ములు గనుక వియ్యమందరు. ఈ కావలి ఎన్ని తరములు నిలిచెనో అన్ని తరముల ఇంటిపేర్లు వృద్ధుల నోట నుండును. నాతాలునకు మాత్రమే యిది చెందినది కాదు. 1942లో జపానువారు వచ్చినప్పుడును, 1960 తరువాత మరల ఒకసారియు బర్మాను విడిచి వచ్చిన తెలుగు కుటుంబములు విశాఖపట్టణపు బర్మా క్యాంపు వంటి చోట్ల నున్నవి. చేత కాగితములు మరింత తక్కువ.

వీరిని మీ మూలపురుషుడెవ్వడు, మీ పూర్వులు ఏ యూరివారు అని మొదట అడుగువానికి గౌరవముగా నుండు మాట యొకటి దొరకును. మీరు ఏ యింటివారికి పిల్లనీయరు, ఏలనీయరు అని అడిగినచో దాయాదుల పేర్లు వరుసగా వచ్చును. తరువాత తల్లి పుట్టినిల్లు, అమ్మమ్మ పుట్టినిల్లు అడుగవలెను. బెలీల్ పాదిరులవలె చెప్పినవాని పేరు, వయస్సు, విన్న సాక్షుల పేర్లు, తేది వ్రాసి, చెప్పిన మాటను దిద్దక అట్లే యుంచి, ఓడపట్టికలోని గ్రామమును ప్రక్కన వేరుగా వ్రాయవలెను. రెండింటిని ఒకే వాక్యముగా కలుపు పనిని తరువాతివారికి విడువవచ్చును.